దారి తప్పిన బిడ్డలు, తల్లిదండ్రుల దుఃఖం: తరచుగా అడిగే ప్రశ్నలు

తెలుగు సంఘాల్లో తల్లిదండ్రులు ఆరాధన అయ్యాక, అందరూ వెళ్లేదాకా ఆగి, గొంతు తగ్గించి అడిగే ప్రశ్నలివి. ఒకరి కొడుకు తాగుతాడు, ఇంకొకరి కొడుకు బెట్టింగ్ యాప్‌లో ఇల్లు గుల్ల చేశాడు, మరొకరి కూతురు మందిరానికి రావడం మానేసింది. ఏడుపు అందరిదీ ఒకటే, చేయాల్సిన పని మాత్రం ఇంటికో రకం. మీ ఇంటి ప్రశ్న ఏదో దాని దగ్గరికే నేరుగా వెళ్లండి.

"బాలుడు నడువవలసిన త్రోవను వానికి నేర్పుము" అన్నట్టే పెంచాం. మరి ఎందుకిలా అయింది?

అలా నేర్పితే వాడు పెద్దవాడయ్యాక ఆ త్రోవ నుంచి తొలగిపోడని చెప్పే సామెతలు 22:6 పిల్లలు చిన్నగా ఉన్నప్పుడు ధైర్యం ఇస్తుంది. బిడ్డ తప్పిపోయాక అదే వచనం గోడ మీది క్యాలెండర్‌లోంచి మనల్ని నిలదీస్తున్నట్టు ఉంటుంది. సామెతల గ్రంథం లోకంలో మామూలుగా ఏది ఎలా నడుస్తుందో చెబుతుంది. ప్రతి ఇంటికీ పూచీకత్తు రాసివ్వదు. అదే అధ్యాయం చివర, పనిలో నిపుణుడు రాజుల ఎదుట నిలుస్తాడని ఉంది. నిపుణులైన తాపీమేస్త్రీలు, దర్జీలు రాజుల మొహం చూడకుండానే పోయారని ఆ మాట అబద్ధం అంటామా? బుద్ధిలేని కొడుకు తల్లికి దుఃఖం తెస్తాడని 10:1లో, తండ్రికి మనోవేదన తెస్తాడని 17:25లో ఆ గ్రంథమే చెబుతోంది. ఆ రెండు చోట్లా తల్లిదండ్రుల పెంపకాన్ని తప్పుపట్టలేదు.

యెహెజ్కేలు 18వ అధ్యాయం కూర్చుని చదవండి. నీతిగా బతికిన తండ్రి, అతనికి పుట్టిన దౌర్జన్యం చేసే కొడుకు, ఆ కొడుక్కి మళ్లీ నీతిగా బతికే కొడుకు. ముగ్గురిదీ ఒకే వంశం, ఎవరి లెక్క వాళ్లదే. యెషయా 1:2లో దేవుడే "నేను పిల్లలను పెంచి గొప్పవారినిగా చేసితిని వారు నామీద తిరుగబడియున్నారు" అంటున్నాడు. ఆయన పెంపకంలో లోపం ఎవరూ వెతకరు గదా.

అంటే మా తప్పు ఏమీ లేదనా?

అలా కూడా అనలేం. దావీదు ఇంటి కథ రెండవ సమూయేలు 13వ అధ్యాయం నుంచి చూడండి. అమ్నోను తన చెల్లెలు తామారును చెరిచాడని విని దావీదు చాలా కోపపడ్డాడు, అంతే. శిక్ష లేదు, ఆ పిల్లకు న్యాయం లేదు. తామారు సొంత అన్న అబ్షాలోము రెండేళ్లు కడుపులో పెట్టుకుని అమ్నోనును చంపించి గెషూరు పారిపోయాడు, మూడేళ్లు అక్కడే ఉన్నాడు. తర్వాత యెరూషలేముకు రప్పించారు గానీ, రెండేళ్లపాటు తండ్రి మొహం చూపించలేదు. తండ్రి కబురు కోసం అబ్షాలోము చివరికి దావీదు సేనాపతి యోవాబు యవల చేను తగలబెట్టించాడు. ఊళ్లోకి రానిచ్చి ఇంట్లోకి రానివ్వని సగం క్షమాపణ ఎక్కడికి పోతుందో ఆ తర్వాతి అధ్యాయాలు చెబుతాయి. ఇక దావీదు ఇంకో కొడుకు అదోనీయా సంగతి, నువ్వు ఇలా ఎందుకు చేస్తున్నావని తండ్రి అతన్ని ఏనాడూ అడగలేదని మొదటి రాజులు 1:6లో ఒక్క వాక్యంతో తేలిపోయింది.

తండ్రి మౌనంగా ఉండటం, తల్లి వెనకేసుకు రావడం, ఇంట్లో జరిగిన అన్యాయాన్ని పరువు కోసం కప్పెట్టడం మన ఇళ్లలోనూ మామూలే. మీ వైపు నిజంగా ఏముందో తేల్చుకోవాలంటే కాగితం తీసుకోండి. "నేను మంచి తండ్రిని కాను" అని రాస్తే లాభం లేదు, అది ఏడుపు మాత్రమే. "ఇంటర్ ఫెయిలైన రోజు చుట్టాల ముందు చెప్పుతో కొట్టాను" అని రాయండి. అలాంటివి నాలుగు తేలితే, వాటికి బిడ్డ దగ్గర క్షమాపణ అడగండి. ఒక్కోసారికి ఒక్కటే. "ఆ రోజు అందరి ముందు కొట్టాను. అది తప్పు. నన్ను క్షమించు." అక్కడితో ఆపేయండి. "కానీ నువ్వు కూడా..." అని మొదలుపెడితే అంతకుముందు అన్నదంతా వృథా. వాడు వెంటనే కరుగుతాడని ఎదురుచూడకండి. చాలామంది పిల్లలు మొదటిసారి "సరేలే" అని లేచి వెళ్లిపోతారు.

ఇది పితరుల శాపమట. విడుదల ప్రార్థనకు కానుక అడుగుతున్నారు. ఇవ్వాలా?

వద్దు. తండ్రి దోషాన్ని కొడుకు మోయడని యెహెజ్కేలు 18:20 చెబుతోంది. కుష్ఠురోగి నయమాను స్వస్థతకు ఎలీషా ప్రవక్త పైసా పుచ్చుకోలేదు, వెనకాల పరుగెత్తి పుచ్చుకున్న ఆయన సేవకుడు గేహజీకి కుష్ఠు అంటుకుంది. రేటు చెప్పి ప్రార్థన చేసేవారికి ఆ అధ్యాయం (రెండవ రాజులు 5) చదివి వినిపించి రండి.

నా ఏడుపు ఆగడం లేదు. ఇది అవిశ్వాసమా?

తనను చంపడానికి వచ్చిన కొడుకు చనిపోతే దావీదు గుమ్మం పైనున్న గదికి ఎక్కుతూ, నీకు బదులు నేను చచ్చిపోతే బాగుండేదని ఏడ్చాడు. పౌలు తన జనం కోసం "మానని వేదన" ఉందని రాసుకున్నాడు. ఏడుపుకు సిగ్గుపడాల్సిన పని లేదు.

ఈ దుఃఖానికి ఇంకో కష్టం ఉంది. బిడ్డ చనిపోతే ఆదరణ కూడిక పెడతారు, వంట చేసి తెస్తారు. బిడ్డ బతికుండి దూరమైతే ఎవరూ రారు, పైగా పెళ్లిళ్లలో "మీ వాడేం చేస్తున్నాడు?" అని అడుగుతారు. దానికి ఒక జవాబు ముందే తయారుగా పెట్టుకోండి: "వాడి కోసం ప్రార్థిస్తున్నాం. మీరూ గుర్తుంచుకోండి." అబద్ధం ఆడినట్టు కాదు, మొత్తం విప్పినట్టూ కాదు.

రెండు వారాలు దాటినా నిద్ర పట్టకపోవడం, తిండి సయించకపోవడం, దేనిమీదా ఆసక్తి లేకపోవడం, చచ్చిపోవాలనిపించడం ఉంటే డాక్టర్‌కు చూపించుకోవాలి. టెలి మానస్ నంబరు 14416, ఉచితం, తెలుగులో మాట్లాడతారు. ప్రార్థన చేస్తూనే మందు వేసుకోవచ్చు, షుగర్‌కు వేసుకుంటున్నట్టే.

ఆదివారం మైకులో ప్రార్థన విన్నపంగా చెప్పాలా?

పేరుతో, వివరంతో వద్దు. వాట్సాప్ గ్రూపులో అసలే వద్దు. ఆ సందేశం తిరిగి తిరిగి ఏదో ఒక రోజు మీ బిడ్డ ఫోన్‌కే చేరుతుంది. వాడు మందిరానికి రాకపోవడానికి అదొక్కటి చాలు. నోరు కట్టుకోగల ఇద్దరు ముగ్గురిని ఎంచుకోండి, వారానికి ఒక రోజు ఒక గంట కలిసి ప్రార్థించండి. ఆ గంటలో సలహాలు ఉండకూడదని మొదటే చెప్పండి, లేకపోతే ప్రార్థన పది నిమిషాలు, మిగతా యాభై నిమిషాలూ పంచాయతీ.

మా ఆయన పాస్టర్. కొడుకు తాగుతున్నాడని సేవ మానేయాలా?

మొదటి తిమోతి 3:4-5, తీతు 1:6 రెండూ తన ఇంటిని చక్కగా ఏలుకోవడం గురించే. ఇంట్లో తండ్రి చేతికింద ఉన్న పిల్లాడి సంగతి వేరు, వేరు కాపురం పెట్టిన ముప్పై ఏళ్ల మనిషి సంగతి వేరు. యాజకుడు ఏలీ మీద వచ్చిన తీర్పు, కొడుకులు యాజకత్వంలో ఉండి పాడు పనులు చేస్తుంటే తెలిసీ అడ్డగించలేదన్నందుకు (మొదటి సమూయేలు 3:13). సమూయేలు కొడుకులు యోవేలు, అబీయా బెయేర్షెబాలో లంచాలు తిన్నారు, సమూయేలు పదవి పోలేదు. కాబట్టి మొదట అడగాల్సింది, సంఘంలో ఆ కొడుకు చేతిలో ఏమైనా పని పెట్టారా అని. కీబోర్డు, కానుకల లెక్క, యువజన కూడిక ఏదున్నా వెంటనే తీసేయండి. తర్వాత పెద్దలకు విషయం మీరే ముందు చెప్పండి, బయటి నుంచి వాళ్లకు తెలియకూడదు. ఇంటిని చూసుకోవడానికి మూడు నెలలు ప్రసంగాలు తగ్గించుకోమంటే తగ్గించుకోండి, అందులో అవమానం ఏమీ లేదు.

తాగి వస్తున్నాడు. ఇంట్లో ఉంచుకోవాలా, వెళ్లగొట్టాలా?

లూకా 15లోని తప్పిపోయిన కుమారుని కథలో తండ్రి దూరదేశానికి డబ్బు పంపలేదు, తలుపుకు తాళమూ వేయలేదు. వరుస గమనించండి: 16వ వచనంలో ఎవరూ వాడికి ఏమీ ఇవ్వలేదు, 17లో వాడికి బుద్ధి వచ్చింది. మన ఇళ్లలో 16వ వచనం జరగనివ్వరు. అమ్మ పోపుల డబ్బాలోంచి రెండొందలు తీసిస్తుంది, అక్క ఫోన్‌పే చేస్తుంది, నాన్న బెల్టుషాపు బాకీ కడతాడు.

చేతికి డబ్బు ఇవ్వకండి. అన్నం పెట్టండి, బట్టలు ఉతకండి, ఆసుపత్రి బిల్లు నేరుగా కౌంటర్లో కట్టండి. మూడే మూడు నియమాలు కాగితం మీద రాసి ఫ్రిజ్ మీద అంటించండి: ఇంట్లో తాగకూడదు, ఎవరి మీదా చెయ్యి ఎత్తకూడదు, సామాన్లు అమ్మకూడదు. తప్పితే ఏం జరుగుతుందో కూడా రాయండి, మీరు నిజంగా చేయగలిగిందే రాయండి. "ఇల్లు వదిలి పో" అని నలభైసార్లు అని ఒక్కసారీ చేయని ఇంట్లో ఏ మాటకూ విలువ ఉండదు. తాగి ఉన్నప్పుడు బైబిలు తీయకండి, వాదించకండి. మాట్లాడాల్సింది పొద్దున్నే, టీ తాగే వేళ, పది నిమిషాలు. కొడితే 112కు ఫోన్ చేయండి, వృద్ధులైతే 14567 కూడా ఉంది. కన్న కొడుకు మీద పోలీసు ఫిర్యాదు పాపం కాదు.

కొన్ని ప్రమాదాలు తెలిసి ఉండాలి. రోజూ బాగా తాగేవాడిని గదిలో పెట్టి ఒక్కసారిగా మాన్పిస్తే 6 నుంచి 24 గంటల్లో చేతులు వణుకుతాయి. మొదటి 48 గంటల్లో ఫిట్స్ రావచ్చు. రెండో రోజు నుంచి నాలుగో రోజు లోపు లేనివి కనబడటం, తికమక, జ్వరం మొదలైతే ప్రాణాపాయం. దాన్ని దయ్యం అనుకుని రాత్రంతా ప్రార్థనలో కూర్చోబెట్టిన సందర్భాలు మన దగ్గర తక్కువేం కాదు. ఆసుపత్రికి తీసుకెళ్లండి, ప్రార్థన వార్డు బయట చేయండి.

రెండోది, అన్నంలో రహస్యంగా కలిపే మాత్ర. అందులో సాధారణంగా ఉండేది డైసల్ఫిరామ్. తెలియకుండా తిని తాగితే మొహం ఎర్రబడి, వాంతులై, బీపీ పడిపోయి గుండె ఆగవచ్చు. డాక్టర్ రాస్తే, తాగేవాడికి చెప్పి, ఒప్పించి మాత్రమే ఇచ్చే మందు అది.

మూడోది, ప్రార్థన ఇంట్లో గొలుసులు వేసి ఉంచడం. 2001 ఆగస్టులో తమిళనాడు ఎర్వాడిలో, మతం పేరుతో నడిచిన ఒక ఆశ్రయంలో గొలుసులతో కట్టి ఉంచిన 28 మంది మానసిక రోగులు అగ్నిప్రమాదంలో కాలిపోయారు. 2017 మానసిక ఆరోగ్య చట్టం గొలుసులు వేయడాన్ని పూర్తిగా నిషేధించింది. గొలుసు కనబడిన చోట, సేవకుడు ఎంత పేరున్నవాడైనా, బిడ్డను వదిలి రాకండి.

వ్యసన విముక్తికి జాతీయ ఉచిత నంబరు 14446. గంజాయి వాడకం విషయంలో "ఆసుపత్రికి వెళ్తే కేసు పెడతారు" అని భయపడతారు. 1985 మాదకద్రవ్యాల చట్టం 64ఏ సెక్షన్, వాడకం కేసుల్లో, స్వచ్ఛందంగా గుర్తింపు ఉన్న కేంద్రంలో చికిత్సకు చేరేవారికి రక్షణ ఇస్తోంది. అమ్మకం చేసినవాడికి ఆ రక్షణ లేదు.

బెట్టింగ్‌లో అప్పులు చేశాడు. కట్టేయాలా?

మొదట ప్రాణం. అప్పులు బయటపడిన వారం చాలా ప్రమాదకరం. పురుగుమందు డబ్బాలు, నిద్రమాత్రలు ఇంట్లోంచి తీసేయండి, ఒంటరిగా పడుకోనివ్వకండి, "చచ్చిపోవాలనిపిస్తోందా?" అని సూటిగా అడగండి. అడిగితే ఆలోచన వస్తుందన్నది అపోహ.

తర్వాత లెక్క. వాడు చెప్పే మొదటి అంకె దాదాపు ఎప్పుడూ తక్కువే ఉంటుంది. క్రెడిట్ రిపోర్టు ఏడాదికి ఒకటి ఉచితంగా వస్తుంది, తీయించండి. బ్యాంకు, గుర్తింపు ఉన్న యాప్ అప్పులు అందులో ఉంటాయి. చేబదుళ్లు, చిట్టీలు, తాకట్టు పెట్టిన బంగారం అందులో ఉండవు, విడిగా రాయించండి. అమ్మ బీరువా తాళం తీసి నగలు చూడండి. మీ ఫోన్‌లో మీ ఓటీపీతో తీసిన లోన్ ఏమైనా ఉందేమో కూడా చూడండి.

పూచీ సంతకం పెట్టకపోతే, సహ రుణగ్రహీత కాకపోతే, పెద్దవాడైన కొడుకు అప్పు మీరు కట్టాలని చట్టం లేదు. రికవరీ మనిషి ఏం చెప్పినా సరే. యాప్ వాళ్లు ఫోటోలు మార్ఫ్ చేసి బెదిరిస్తే సైబర్ నేరాల నంబరు 1930కు ఫోన్ చేయండి. సాయం చేయాలనుకుంటే వడ్డీ ఎక్కువున్న ఒక్క అప్పు, అదీ నేరుగా ఇచ్చినవాడికే, రశీదుతో. మొత్తం ఒకేసారి తీర్చేస్తే వాడికి తగ్గేది భయం ఒక్కటే, ఆట అలాగే ఉంటుంది. తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో ఆన్‌లైన్ జూదాన్ని నిషేధించాయి, 2025లో కేంద్ర చట్టమూ వచ్చింది. అయినా ఫోన్ చేతిలో ఉన్నంత కాలం దారులు దొరుకుతాయి. ఏడాది పాటు జీతం ఖాతా ఇంట్లో ఇంకొకరు చూసుకోవడం ఎక్కువ పనిచేస్తుంది.

కూతురు వేరే అబ్బాయిని చేసుకుంటానంటోంది.

"వేరే" అంటే ఏమిటో ముందు మీలో మీరు తేల్చుకోండి. అబ్బాయి ప్రభువును నమ్మినవాడే, కులం వేరు అంటే, అభ్యంతరానికి వాక్యంలో చోటు లేదు. కులం గొడవకు, అవిశ్వాసులతో జోడుగా ఉండవద్దనే రెండవ కొరింథీయులకు 6:14 అడ్డం పెట్టుకోవడం మన సంఘాలకు పాత అలవాటు. పిల్లలు విశ్వాసం వదలడానికి కారణం చాలాసార్లు ఆ అబ్బాయి కాదు, మన ఈ రెండు నాలుకలే.

విశ్వాసమే వేరైతే మీ మాట ఒకసారి, స్పష్టంగా, కోపం లేకుండా చెప్పండి. అమ్మాయికి 18 నిండితే, అబ్బాయికి 21 నిండితే చట్టం వాళ్ల పక్షం. గదిలో బంధించడం, ఫోన్ లాక్కోవడం, చుట్టాల ఊరికి తరలించడం నేరం. ప్రత్యేక వివాహ చట్టం కింద అయితే 30 రోజుల నోటీసు ఉంటుంది, ఆ నెల రోజుల్లో ఇంట్లో జరిగే మాటలే తర్వాతి ఇరవై ఏళ్ల సంబంధాన్ని తేలుస్తాయి. పెళ్లి అయిపోయాక "మాకు కూతురు చచ్చిపోయింది" అనకండి. మొదటి కాన్పుకు ఫోన్ వస్తుంది, ఎత్తే స్థితిలో ఉండండి.

కొడుకు అమెరికాలో ఉన్నాడు, దేవుణ్ణి నమ్మనంటున్నాడు. ఎంత కాలం ప్రార్థించాలి?

ముందు ఫోన్ సంగతి. వారానికి ఒక కాల్, అందులో "చర్చికి వెళ్లావా?" అన్న ప్రశ్న ఉండకూడదు. ఆ ప్రశ్నకు వాడి దగ్గర అబద్ధం రెడీగా ఉంటుంది, మీరు దాన్ని రోజూ సాన పెడుతున్నారు. వాడి వంట, ఆఫీసు, మోకాలి నొప్పి అడగండి. వాడు అడిగినప్పుడు మీ విశ్వాసం చెప్పండి.

ఉత్తర ఆఫ్రికాలో మోనికా అనే తల్లి ఉండేది. కొడుకు అగస్టీన్ 354లో పుట్టాడు. పదిహేడేళ్లకు కార్తేజ్ వెళ్లి, పెళ్లి లేకుండా ఒక స్త్రీతో కాపురం పెట్టి, మణి అనే పారశీకుడు స్థాపించిన మణికేయుల మతంలో చేరాడు. ఆమె మొదట అతన్ని తన బల్ల దగ్గర కూర్చోనివ్వలేదు, తర్వాత మనసు మార్చుకుని ఇంట్లోకి రానిచ్చింది. వాడితో వాదించమని ఒక బిషప్‌ను బతిమాలితే, ఇప్పుడు చెప్పినా వినడు, వదిలేసి ప్రార్థించమన్నాడు. ఆమె వదలక ఏడుస్తుంటే విసుక్కుంటూనే, ఇన్ని కన్నీళ్ల కొడుకు నశించడం జరగదని పంపేశాడు. 383లో అగస్టీన్ ఆమెను మోసం చేసి రాత్రికి రాత్రి రోముకు ఓడెక్కాడు. ఆ రాత్రి ఆమె ప్రార్థించింది వాడు వెళ్లకూడదనే. ఆ ప్రయాణమే అతన్ని మిలాన్‌కు, అక్కడి బిషప్ ఆంబ్రోస్ దగ్గరికి చేర్చింది. 387 ఈస్టర్‌కు బాప్తిస్మం, అదే ఏడాది ఓస్తియాలో ఆమె మరణం.

దీన్ని పదిహేడేళ్లు ఏడిస్తే వస్తాడనే సూత్రంగా చెప్పేవాళ్లున్నారు. అలాంటి సూత్రం లేదు. తల్లి చనిపోయాక వచ్చినవాళ్లున్నారు, రానివాళ్లూ ఉన్నారు.

ఉపవాసం గురించి ఒక మాట. షుగర్ మాత్రలు, ఇన్సులిన్ వాడే అమ్మలు డాక్టర్‌ను అడగకుండా ఉపవాసం ఉండకండి. షుగర్ 70 కంటే పడితే మూడు చెంచాల పంచదార నీళ్లలో కలుపుకుని తాగి, పావుగంటలో మళ్లీ చూసుకోవాలి. టీవీనో, టీనో, కూర మీద ఉప్పునో వదిలినా దేవుడు లెక్కలోకి తీసుకుంటాడు.

మా పెద్దవాడు "నేను ఇన్నాళ్లు చూసుకున్నాను, వాడికీ సమాన వాటానా?" అంటున్నాడు.

న్యాయమైన ప్రశ్నే. లూకా 15లో ఆస్తి మొదటే పంచేశారు (12వ వచనం). చిన్నవాడు వచ్చాక "నావన్నియు నీవి" అని తండ్రి పెద్దవాడితో అన్నాడు. కౌగిలి దొరికింది గానీ రెండో వాటా దొరికిందని లేదు. ఈ తేడా గుర్తుంచుకుంటే సగం గొడవలు తగ్గుతాయి.

భారత వారసత్వ చట్టం, 1925 ప్రకారం క్రైస్తవులు స్వార్జితాన్ని వీలునామాతో ఎవరికైనా రాయవచ్చు. వీలునామా లేకపోతే భర్త పోయాక భార్యకు మూడో వంతు, మిగతాది పిల్లలందరికీ సమానంగా. వీలునామాకు ఇద్దరు సాక్షులు కావాలి, వాటా వచ్చేవాడు సాక్షి సంతకం పెడితే ఆ వాటా చెల్లదు. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు, చేయిస్తే మంచిది. కాగితాల మీద మతం వేరుగా ఉన్న కుటుంబాలు మనలో చాలా ఉన్నాయి, వాళ్లు లాయర్‌ను అడిగాకే రాయాలి. బతికుండగానే ఇల్లు రాసిచ్చేట్టయితే, మమ్మల్ని చూసుకోవాలన్న షరతు పత్రంలోనే ఉండాలి. అది ఉంటేనే 2007 వృద్ధుల చట్టం 23వ సెక్షన్ కింద ఆర్డీవో ట్రిబ్యునల్‌లో రద్దు అడగడం తేలిక.

తిరిగి వచ్చాడు. ఇప్పుడేం చేయాలి?

లూకా 15లో చిన్న కొడుకు దారి పొడుగునా ఒక మాట కంఠస్థం చేసుకుంటూ వచ్చాడు. "కూలివారిలో ఒకనిగా పెట్టుకొనుము" అన్న ముక్క అతని నోటికి రాకముందే తండ్రి వస్త్రం తెమ్మన్నాడు. ఆ రాత్రి లెక్కలు అడగలేదు. మీరూ అడగకండి. స్నానం, అన్నం, పక్క, ఉతికిన బట్టలు. ప్రశ్నలు వారం ఆగగలవు.

వారం లోపు డాక్టర్. డబ్బు, బండి తాళాలు, ఏటీఎం కార్డు నెమ్మదిగా, ఒక్కొక్కటే. క్షమించడం ఒక్క రాత్రిలో జరగవచ్చు, నమ్మకానికి నెలలు పడతాయి. ఈ రెండూ కలిపేసి, నమ్మడం లేదంటే క్షమించనట్టే అని వాడు దబాయిస్తే లొంగకండి. మళ్లీ జారడం మామూలే. జారిన రోజు మొదటి నుంచి మొదలైనట్టు ఏడవకుండా, రాసుకున్న నియమం అమలు చేసి చికిత్సకు తిప్పి పంపండి.

వచ్చే ఆదివారమే సాక్ష్యం చెప్పించకండి. ఏడాది ఆగండి. మైకు ఇచ్చాక జారినవాడు సిగ్గుతో మందిరం వైపే రాడు.

కొడుకు ఆ స్థితిలోనే చనిపోయాడు. ఎక్కడున్నాడు?

ఇది అడిగిన తల్లికి తీర్పు చెప్పే అధికారం ఏ సేవకుడికీ లేదు. సమాధి దగ్గర నరకం గురించి ప్రసంగించే అధికారం అసలే లేదు. చివరి గంటలో ఏం జరిగిందో మనకు కనబడదు, సిలువ మీది దొంగ తల్లికీ ఆ సంభాషణ వినబడి ఉండకపోవచ్చు. "సర్వలోకమునకు తీర్పు తీర్చువాడు న్యాయము చేయడా" అని అబ్రాహాము అడిగిన చోట ఆగడం నిజాయితీ. ఆత్మహత్య అయితే ఖననం, ప్రార్థన అందరికీ చేసినట్టే చేయమని సంఘ పెద్దల మీద ఒత్తిడి తెండి.

మా సంఘంలో ఇలాంటి తల్లిదండ్రులున్నారు. మేమేం చేయగలం?

"మా పిల్లలు దేవుని కృపవల్ల బాగున్నారు" అన్న సాక్ష్యం వాళ్ల పక్కన కూర్చుని చెప్పకండి. మదర్స్ డే నాడు "ఆదర్శ తల్లి" బహుమతి ఇచ్చే అలవాటు ఉంటే ఆపండి. ఇంటికి వెళ్లినప్పుడు కారణాలు వెతకకండి, పలానా వాళ్ల అబ్బాయి ఎలా మారాడో చెప్పకండి. ఆ బిడ్డ పేరు పలకండి, చిన్నప్పుడు క్రిస్మస్ నాటికలో వాడు వేసిన వేషం గుర్తుంటే చెప్పండి. ఆసుపత్రికి తోడు వెళ్లడానికి బండి ఉన్న ఒక మనిషిని, రాత్రి ఫోన్ చేస్తే ఎత్తే ఒక నంబరును వాళ్లకు రాసిచ్చి రండి.